సైకిలు యాత్రకు ఏ నది ఒడ్డు మంచిది?

"డాక్టరుగారూ, నా వయస్సు 56. ఎనిమిదేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది, మాత్రలు వాడుతున్నాను. నా భార్యకు 51. మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు నొప్పి అంటుంది. మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. నది వెంబడి వారం రోజులు సైకిళ్ళ మీద తిరుగుదాం రమ్మని ప్రాణం తీస్తున్నాడు. ఈ వయస్సులో ఇది పిచ్చి పని కాదా? వెళ్ళదగినదే అయితే ఏ నది ఒడ్డు మంచిది?"

ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. చదివి నవ్వుకున్నాను. అబ్బాయి బదులు అమ్మాయి అని మారిస్తే ఈ ఉత్తరం నేను రాసుకున్నదే. అందుచేత ఈ వారం జవాబు కొంచెం పొడుగవుతుంది. ఓపిక పట్టండి.

మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉంటుంది. 2023 వేసవిలో ఫోను చేసి, "నాన్నా, సెప్టెంబరులో సెలవు పెట్టండి. అమ్మనూ మిమ్మల్నీ సైకిలు ఎక్కిస్తాను" అంది. ప్రభుత్వోద్యోగి విదేశాలకు వెళ్ళాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. ఆ కాగితం చేతికి రావడానికి పట్టిన కాలంలో నేను ఎంత సైకిలు సాధన చేశానంటే, ఆలస్యానికి కృతజ్ఞత చెప్పుకోవలసి వచ్చింది. రోజూ తెల్లవారుజామున కాలువ గట్టు మీద తొక్కేవాణ్ణి. మొదటివారం మా ఆసుపత్రి సిబ్బంది "సారు కారు రిపేరులో ఉందా?" అని అడిగారు. రెండోవారం కూడా తొక్కుతూ కనిపించేసరికి, నాకేదో జబ్బు చేసిందని అనుకున్నారు.

సరే, దారి సంగతికి వద్దాం. అమ్మాయి నాలుగు నదుల పేర్లు పంపింది. జర్మనీలో రైన్, దానిలో కలిసే మొజెల్, ఫ్రాన్సులో లువార్, ఆస్ట్రియాలో డాన్యూబ్. ప్రతి దానికీ పది ఫొటోలు. కోటలు, ద్రాక్షతోటలు, వంతెనలు. ఫొటోలు చూసి దారి ఎంచుకోవడం, పెళ్ళికొడుకును ఫొటో చూసి నిర్ణయించడం లాంటిది. నేను వాటిని పక్కన పెట్టి, రోగిని పరీక్షించే వరుసలో ప్రశ్నలు వేశాను. ఎత్తుపల్లాలు ఎంత? గాలి ఎటునుంచి ఎటు వీస్తుంది? లారీలు పక్కన పోతాయా? అన్నిటికంటే ముఖ్యంగా, ఏ పూటకాపూట ఇక చాలు అనుకుంటే దగ్గరలో రైలు స్టేషను దొరుకుతుందా? యాభై దాటినవారికి, ఏదో ఒక జబ్బు ఉన్నవారికి, ఎక్కడ పడితే అక్కడ ఆగిపోవడానికి వీలున్న దారే మంచి దారి. అందం సంగతి ఆ తరువాత చూడండి.

రైన్ నది ఒడ్డున బింగెన్ నుంచి కోబ్లెంజ్ వరకు ఉన్న భాగం అందమైనదే. కాని కొండల మధ్య ఇరుకు లోయలో నదికి రెండు పక్కలా రైలు మార్గాలు, రోడ్లు కలిసి పరుగెడతాయి. చప్పుడు ఎక్కువ. లువార్ దారిలో అందరూ సముద్రం వైపు, అంటే పడమటికి తొక్కాలని ఉబలాటపడతారు. ఆ ప్రాంతంలో గాలి ఎక్కువ రోజులు పడమటినుంచే వీస్తుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కడం కొండ ఎక్కడంతో సమానం. పైగా కొండకు శిఖరం ఉంటుంది, ఎదురుగాలికి అదీ లేదు. మొజెల్ నెమ్మదైన నది. ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కు సుమారు 200 కిలోమీటర్లు పాములా మెలికలు తిరుగుతుంది, ఎక్కుడు లేదు. మా ఇంట్లో అది రెండో స్థానంలో నిలిచింది. కేవలం నాలుగు రోజులే వీలున్నవారు దానికే వెళ్ళండి.

మేము ఎంచుకున్నది డాన్యూబ్. జర్మనీ సరిహద్దు పట్టణం పస్సావు నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా, సుమారు 320 కిలోమీటర్లు. ఈ దూరంలో నది దిగేది 130 మీటర్లు మాత్రమే. అంటే కిలోమీటరుకు అర మీటరు కూడా కాదు. "పల్లానికి పోతాం కదా, తొక్కనక్కరలేదు" అనుకోకండి, తొక్కవలసిందే. అయితే ఎక్కుడు ఉండదు, గాలి చాలా రోజులు వీపు వెనకనుంచి తోస్తుంది. పెద్ద రైలు మార్గం ఒకటి పస్సావు, లింట్స్, మెల్క్‌ల మీదుగా వియన్నా పోతుంది. సామాను ఒక హోటలు నుంచి ఇంకో హోటలుకు వ్యానులో చేర్చే సంస్థలున్నాయి. ఈ సదుపాయమే నన్ను ఒకరోజు ముంచింది, అది తరువాత చెబుతాను.

ఆ దారికి అసలు పుట్టుక కూడా చెప్పాలి. ఆవిరి ఓడలు రాకముందు ఉప్పు, ధాన్యం వేసుకున్న పడవలను ఎదురు ప్రవాహంలో గుర్రాలు ఒడ్డు వెంట నడుస్తూ తాళ్ళతో లాగేవి. ఆ గుర్రాల బాటలే చాలాచోట్ల ఇప్పుడు సైకిలు బాటలు. మా నాన్నగారు తన చిన్నతనంలో గోదావరి కాలువల గట్ల మీద మనుషులు భుజాన తాడు వేసుకుని పడవలు లాగేవారని చెబుతుండేవారు. బరువు లాగేవాడికి ఎత్తుపల్లాలు లేని దారి కావాలి. నా మోకాలికీ కావలసింది అదే.

పస్సావులో మూడు నదులు కలుస్తాయి. డాన్యూబ్, ఆల్ప్స్ కొండల నుంచి వచ్చే ఇన్, నల్లని నీటి ఇల్జ్. కలిసిన తరువాత కూడా కొంత దూరం మూడు రంగులు తెలుస్తూనే ఉంటాయి. పాటలో చెప్పిన నీలిరంగు మాత్రం మాకు ఎక్కడా కనిపించలేదు, లేత పచ్చగా ఉంది. పురపాలక భవనం గోడ మీద వరద వచ్చిన ఏళ్ళు, నీరు ఎక్కిన ఎత్తులు గీతలు గీసి ఉన్నాయి. 2013 జూన్ గీత నా తలకు చాలా పైన ఉంది. 1501 తరువాత అంత వరద రాలేదట. 1986 ఆగస్టు గోదావరి వరద చూసినవాణ్ణి కనుక ఆ గీత దగ్గర ఎక్కువసేపే నిలబడ్డాను. 2024 సెప్టెంబరులో ఆస్ట్రియాలో ఈ నదీప్రాంతానికి మళ్ళీ పెద్ద వరద వచ్చింది. మే, జూన్, సెప్టెంబరు నెలలు ఎండకు బాగుంటాయి గాని, బయలుదేరే వారంలో వాన వార్తలు తప్పక చూసుకోండి.

అద్దె సైకిళ్ళ దుకాణంలో మా ఆవిడకు మోటారు సాయం ఉన్న సైకిలు తీసుకున్నాం. ఇది మోపెడ్ కాదు. మనం తొక్కితేనే మోటారు తోడవుతుంది, గంటకు 25 కిలోమీటర్లు దాటితే ఆగిపోతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు దీనికి చిన్నతనంగా భావించనక్కరలేదు. నాకు పౌరుషం అడ్డువచ్చి మామూలు సైకిలే తీసుకున్నాను.

ఇక్కడ కొంత వైద్యం. సైకిలు మీద శరీరం బరువును సీటు మోస్తుంది కనుక నడకకంటే మోకాలికి భారం తక్కువ. మోకాళ్ళు అరిగినవారు కూడా తొక్కవచ్చు. నొప్పి వచ్చేది సీటు ఎత్తు కుదరకపోవడం వల్ల. మనవాళ్ళు రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు కిందికి దించుతారు. అప్పుడు మోకాలు అతిగా ముడుచుకుని, చిప్ప వెనక ఒత్తిడి పెరిగి, మోకాలి ముందుభాగం నొప్పి పెడుతుంది. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు కాలు దాదాపు చాచినట్టుండి, మోకాలి దగ్గర కొద్దిగా వంపు మిగలాలి. సీటు మరీ పైకి పోతే మోకాలి వెనక లాగుతుంది. రెండోది గేరు. బరువైన గేరులో మెల్లగా తొక్కడంకంటే తేలిక గేరులో నిమిషానికి 70, 80 చుట్లు తిప్పడం మంచిది. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మీ వేగానికి అదే కొలత.

సీటు నొప్పి గురించి అందరూ అడగడానికి సిగ్గుపడతారు. మెత్త కుట్టిన సైకిలు లాగులు దొరుకుతాయి. వాటిలోపల వేరే లోదుస్తులు వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. పది పదిహేను నిమిషాలకొకసారి పెడళ్ళ మీద లేచి నిలబడాలి. తొడల మధ్య తిమ్మిరి పట్టిందంటే నరాలు నలుగుతున్నాయన్నమాట. దిగి నడవండి. చిటికెనవేలు, దాని పక్క వేలు మొద్దుబారితే హేండిలు మీద అరచేయి ఎక్కువ ఆనుస్తున్నారని అర్థం.

మా ఆవిడ మొదటిరోజు చున్నీ వేసుకుని బయలుదేరబోయింది. చైనులో చున్నీ పడితే ఏమవుతుందో మా ఆసుపత్రిలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పెద్ద చర్చే జరిగింది. చివరకు అమ్మాయి ప్యాంటు వేసుకుని, చున్నీ మడిచి సంచిలో పెట్టుకుంది. మరి నేను? నాకు వేరే పరీక్ష ఎదురైంది. ఆ దేశాల్లో కుడిపక్కన పోవాలి. నలభై ఏళ్ళుగా ఎడమపక్కకు అలవాటుపడ్డ చేతులు, ఒక మలుపులో నన్ను నేరుగా ఎదురువచ్చే వాళ్ళ ముందుకు తీసుకుపోయాయి. ఇంకో సంగతి, అక్కడి అద్దె సైకిళ్ళు కొన్నింటిలో పెడలు వెనక్కి తిప్పితే బ్రేకు పడుతుంది. మనకు ఊరికే వెనక్కి తిప్పుతూ పోయే అలవాటు. మొదటి గంట ఖాళీ స్థలంలో తొక్కి చూసుకోండి.

మొదటిరోజు ష్లోగెన్ వరకు 42 కిలోమీటర్లు. అక్కడ నది అడవి కొండల మధ్య వచ్చినదారినే వెనుదిరిగినట్టు గుర్రపునాడా ఆకారంలో మలుపు తిరుగుతుంది. సైకిళ్ళు ఎక్కించుకునే చిన్న పడవలో దాటాం. రెండోరోజు లింట్స్ సుమారు 55 కిలోమీటర్లు. కెప్లర్ 1612 నుంచి పద్నాలుగేళ్ళు ఉన్న ఊరు అది. ఇప్పుడు ఉక్కు కర్మాగారాల ఊరు. ఊరి పేరుతో ఒక జామ్ కేకు ఉంది. చూశాను, తినలేదు. మా ఆవిడ నన్ను చూసింది, అందుకని.

మూడోరోజు ఆదివారం. లింట్స్ దాటిన కొన్ని గంటలకు మౌట్‌హౌజెన్ వచ్చింది. ఊరు నది ఒడ్డున ఉంది, దాని పైనున్న కొండ మీద నాజీల నిర్బంధ శిబిరం. 1938 ఆగస్టు నుంచి 1945 మే 5 వరకు నడిచింది. సుమారు 1,90,000 మందిని అక్కడా, దాని అనుబంధ శిబిరాల్లోనూ బంధించారు. వారిలో కనీసం 90,000 మంది చనిపోయారు. మా ప్రణాళికలో ఆ కొండ లేదు. కాని కింద నుంచి వెళ్ళిపోవడానికి మనస్కరించలేదు. మా ఆవిడ మోటారు సాయంతో ఎక్కింది, అమ్మాయి తొక్కుతూ ఎక్కింది, నేను చాలా దూరం సైకిలు తోసుకుంటూ పోయాను. రాతిగనిలో 186 మెట్లున్నాయి. ఖైదీల చేత బండరాళ్ళు వీపున మోయించి వాటి మీద ఎక్కించేవారు. పని చేయలేని రోగులకు అక్కడి డాక్టర్లే గుండెలో సూది పొడిచి చంపారు. డాక్టర్లు అన్నమాట దగ్గర ఆగిపోయాను. తరువాతి గదులు నేను సరిగ్గా చూడలేదు.

కిందికి దిగాక భోజనం చేయబుద్ధి కాలేదు. "మధ్యాహ్నం గ్రైన్ చేరాక తిందాం" అన్నాను. ఒక చక్కెర రోగి అనకూడని మాట అది, ఒక డాక్టరు అసలే అనకూడనిది. పొద్దున్న గ్లిమిపిరైడ్ మాత్ర మామూలు మోతాదులోనే వేసుకున్నాను. గ్లూకోజు పొట్లాలు, బిస్కెట్లు, రక్తపరీక్ష యంత్రం నా పెద్దపెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టె వ్యానులో ముందే గ్రైన్ చేరి మా కోసం ఎదురుచూస్తోంది.

మౌట్‌హౌజెన్ దాటాక బాట పొలాల మధ్యనుంచి పోతుంది. మొక్కజొన్న చేలు, దూరంగా చర్చి గోపురం. చల్లగాలి, చదును నేల. ఒక చోట దారి రెండుగా చీలింది. ఎడమకు పోవాలని అమ్మాయి అంటే, కుడికి అని నేను గద్దించాను. ఆమె ఫోనులో పటం చూపించింది. పటం తప్పు అన్నాను. చెమట పడుతోంది, చేతులు వణుకుతున్నాయి, కోపం ఎందుకు వస్తోందో నాకే తెలియడం లేదు. మా ఆవిడ సైకిలు దిగి దగ్గరకు వచ్చి నా నుదురు తాకింది.

"ఏమండీ, మీకు చక్కెర పడిపోయింది. దిగండి."

"నాకు తెలియదా? నేను డాక్టరును" అన్నాను.

"అందుకే చెబుతున్నాను, దిగండి" అని హేండిలు పట్టుకుంది.

ఆదివారం ఆ దేశంలో దుకాణాలన్నీ మూసేస్తారు. మేము దాటివచ్చిన పల్లెలో ఉన్న ఒక్క దుకాణానికీ తలుపులు వేసి ఉన్నాయి. మా ఆవిడ తన చేతిసంచి విప్పి, హోటల్లో కాఫీతోబాటు ఇచ్చిన చక్కెర పొట్లాలు బయటికి తీసింది. పొట్లం తరువాత పొట్లం చించి నా నోట్లో పోసి నీళ్ళు తాగించింది. ముందురోజు ఉదయం ఆ పొట్లాలు సంచిలో వేసుకుంటుంటే "ఇదేమిటి, ఊళ్ళో పరువు తీస్తావా?" అని నేను ఎగతాళి చేసి ఉన్నాను. పావుగంటలో వణుకు తగ్గింది. దారి ఎడమకే అని కూడా తెలిసింది.

ఏం జరిగిందో వివరిస్తాను. కాళ్ళ కండరాలు పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండా రక్తంలో చక్కెరను లాక్కుంటాయి. అది మంచిదే, వ్యాయామం మందులా పనిచేసేది ఇందుకే. కాని గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు, మీరు తిన్నా తినకున్నా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటాయి. రెండూ కలిస్తే, పైన భోజనం మానితే, చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. ఇన్సులిన్ సూదులు వేసుకునేవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి తక్కువ. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి అందరికీ తెలిసిన లక్షణాలు. కారణంలేని కోపం, మొండితనం కూడా లక్షణాలే. మెదడుకు చక్కెర అందనప్పుడు రోగికి తన జబ్బు తనకు తెలియదు. అందుకని పక్కనున్నవారికి ముందే చెప్పి ఉంచాలి. వెంటనే మూడు చెంచాల చక్కెర లేక గ్లూకోజు నీళ్ళతో ఇవ్వాలి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. నువ్వుండలు, పల్లీపట్టీలు, చాకొలెట్లు అప్పటికి పనికిరావు, వాటిలోని నూనె, కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. తేరుకున్నాక రొట్టె వంటిది తినాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకూడదు. యూరప్‌లో ఎక్కడున్నా 112 కు, ఆస్ట్రియాలో అంబులెన్సుకు 144 కు ఫోను చేయవచ్చు.

ఇంకొక మెలిక ఉంది. పగలు ఖర్చయిన నిల్వలను కండరాలు రాత్రి నింపుకుంటాయి. కనుక పగలు బాగానే ఉన్నవారికి అర్ధరాత్రి చక్కెర పడిపోవచ్చు. ఆ రాత్రి గ్రైన్‌లో రెండుసార్లు లేచి రక్తం పరీక్షించుకున్నాను. రెండోసారి మా ఆవిడ కూడా లేచి కూర్చుంది. ఏమీ అనలేదు, అంకె చూసి పడుకుంది.

తెల్లవారి నాకు కాళ్ళలో సత్తువ లేదు. ఒకరోజు నష్టపోవడం ఎందుకని, ఎలాగైనా మెల్క్ దాకా, సుమారు 50 కిలోమీటర్లు, తొక్కేస్తానని బయలుదేరాను. ఇబ్స్ దగ్గర నది మీద జలవిద్యుత్కేంద్రం ఉంది, దాని ఆనకట్ట మీదుగా సైకిళ్ళతో అవతలి ఒడ్డుకు పోవచ్చు. అక్కడ అమ్మాయి ఆగి, "నాన్నా, ఈ దారి మనం ఎందుకు ఎంచుకున్నాం?" అంది. నేను రాసి ఇచ్చిన ప్రశ్నలు తన ఫోనులోనే ఉన్నాయి. మారు మాట్లాడకుండా ఇబ్స్ స్టేషనుకు పోయి, సైకిళ్ళతో సహా రైలెక్కి మెల్క్‌లో దిగాం. అదే రైను, స్టేషను లేని ఏ అడవిదారో అయి ఉంటే నేను పౌరుషానికి తొక్కేవాణ్ణి. ఏమయ్యేదో చెప్పలేను.

అన్నట్టు, మాత్ర మోతాదు ఆ రోజునుంచి నేను తగ్గించుకున్నాను. మీరు మాత్రం సొంతంగా తగ్గించుకోకండి. బయలుదేరే ముందే మీ డాక్టరును కలిసి, తొక్కే రోజుల్లో ఏ మాత్ర ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. కంటి వెనక పొర పరీక్ష కూడా చేయించుకోవాలి. చక్కెర వల్ల అక్కడ కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే ఎక్కువ శ్రమ వాటిని చిట్లిస్తుంది. మెట్లెక్కితే ఛాతీలో బరువు, ఆయాసం ఉన్నవారు గుండె పరీక్ష చేయించుకోనిదే టికెట్టు కొనకూడదు. పాదాల్లో స్పర్శ తగ్గినవారు రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోవాలి, బొబ్బ లేచినా తెలియదు. మందులు, గ్లూకోజు, పరీక్షయంత్రం ఎప్పుడూ మీ ఒంటి మీదున్న సంచిలో ఉండాలి, వ్యానులో కాదు.

మెల్క్‌లో కొండరాతి మీద పసుపురంగు మఠం ఉంది, 1702 నుంచి కట్టినది. దానిని కింద నుంచే చూశాను. ఆ తరువాత క్రెమ్స్ దాకా 36 కిలోమీటర్లను వాఖావ్ లోయ అంటారు. 2000 లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఆస్ట్రియాలో డాన్యూబ్ మీద వరసగా ఆనకట్టలున్నాయి. కొన్నిచోట్ల నది చెరువులా నిలబడి ఉంటుంది. ఈ లోయలో మాత్రం అడ్డులేకుండా పారుతుంది. రెండు పక్కలా మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు, కింద ఆప్రికాట్ తోటలు. మన హైదరాబాదు విందుల్లో ఖుబానీ కా మీఠా చేసే పండే. కాపు జూలైలో అయిపోతుంది కనుక మాకు జామ్ సీసాలే దొరికాయి. డ్యూర్న్‌స్టైన్ కొండమీది శిథిలమైన కోటలో ఇంగ్లండు రాజు రిచర్డును 1192 లో బంధించారు. అదే లోయలో విల్లెన్‌డోర్ఫ్ అనే పల్లె ఉంది. 1908 లో అక్కడ సుమారు ముప్ఫై వేల ఏళ్ళనాటి రాతిబొమ్మ దొరికింది. జానెడు కూడా లేని ఆ స్త్రీమూర్తికి పెద్ద పొట్ట, బరువైన తొడలు. "ఊబకాయం ఈ కాలపు జబ్బు" అని నేను ఎన్ని ఉపన్యాసాలిచ్చానో! ఆ బొమ్మను తరువాత వియన్నా మ్యూజియంలో చూసి మా ఆవిడ, "ఈవిడకు మీరు నడవమని చెప్పి ఉండరు" అంది.

ఆ ఒక్కరోజు కోసమైనా ఈ దారి ఎంచుకోవచ్చు. తొందర లేకుండా గంటకు పన్నెండు కిలోమీటర్లు తొక్కాం, నాలుగుసార్లు తిన్నాం, అయిదోసారి అమ్మాయి బలవంతం మీద. మా ఆవిడ మోకాలు ఆ రోజు ఒక్కసారి కూడా గుర్తురాలేదట. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికీ, వారంరోజులు వీలుకాని వారికీ నేను మెల్క్ నుంచి క్రెమ్స్ వరకు మాత్రమే, అదీ రెండు రోజులుగా చేయమని చెబుతాను. మధ్యలో అలసిపోతే నదిలో ఓడలు కూడా తిరుగుతాయి.

క్రెమ్స్ నుంచి వియన్నాకు ఇంకా ఎనభై కిలోమీటర్ల చదునుదారి ఉంది. తొక్కలేదు. రైలెక్కాం. అది దిగబెట్టే స్టేషనుకు నడకదూరంలో వియన్నా పాత సర్వజనాసుపత్రి ఆవరణ ఉంది, ఇప్పుడది విశ్వవిద్యాలయానిది. 1847 లో అక్కడి కాన్పుల వార్డులోనే సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్ష గది నుంచి వచ్చే వైద్యవిద్యార్థుల చేత క్లోరిన్ సున్నం నీళ్ళతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి పద్దెనిమిది మంది బాలింతలు చనిపోయిన వార్డులో, కడగడం మొదలుపెట్టిన కొద్ది వారాలకే అది నూటికి రెండుకు దిగింది. ఆయన మాట చాలామంది వినలేదు. 1865 లో మానసిక చికిత్సాలయంలో చనిపోయాడు. ఆ చెట్ల కింద బల్ల మీద కూర్చుని మేము తెచ్చుకున్న రొట్టెలు తిన్నాం. తినేముందు మా ఆవిడ సీసాలో నీళ్ళు నా చేతుల మీద పోసింది.

ఇక పాఠకులవారికి. మీది పిచ్చి పని కాదు. ఆరు వారాల ముందునుంచి వారానికి నాలుగు రోజులు తొక్కండి. ఎక్కడా రోజుకు 40 కిలోమీటర్లు దాటకండి. ప్రయాణ బీమా లేనిదే వీసా ఇవ్వరు, అది కనీసం 30,000 యూరోలది ఉండాలి. అందులో పాత జబ్బులకు వర్తింపు ఉందో లేదో చదివి సంతకం చేయండి. మీ భార్యగారికి మోటారు సైకిలు సాయం తీసుకోండి, మీరూ తీసుకుంటే నేనేమీ అనుకోను. అయితే ఎనిమిదేళ్ళుగా మాత్రలు వాడుతున్నానన్నారు గాని వాటి పేర్లు ఉత్తరంలో రాయలేదు. పేర్లు, మోతాదు, ఈ నెల పరీక్షల ఫలితాలు రాసి పంపండి. టికెట్లు ఆ తరువాత కొనవచ్చు.